గాలిమరలు, మోడాలు, ఒక బంజరు కథ

రెండేళ్ళ కిందట ధర్మవరం నుంచి రామగిరి వైపు బస్సులో పోతున్నాను. కొండల మీద వరసగా గాలిమరలు. పక్కన కూర్చున్న గొర్రెల కాపరి వాటిని చూపించి "ఆ ఫ్యాన్లు వచ్చినప్పటి నుంచి మోడాలు నిలవడం ల్యా సార్. వానల్ని తరిమేస్తాండాయి" అన్నాడు.

నేను ఊరుకోలేదు. మర రెక్క నేలకు నూటయాభై, రెండువందల మీటర్లు మించి లేవదనీ, వానమబ్బులు సాధారణంగా అంతకంటే చాలా పైన ఉంటాయనీ, ఆ తేమ సముద్రాల మీంచి వస్తుందనీ చెప్పాను. "1876-78లో ధాత కరువు వచ్చినప్పుడు సీమలో ఏ ఫ్యాన్లు తిరిగాయి?" అనీ అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించి, "సరే, వాన సంగతి వదిలేయండి. కొండకు దావ కోసినాక మా కుంటకు నీళ్ళెందుకు రాల్యా?" అన్నాడు.

ఈ ప్రశ్న మూఢనమ్మకం కాదు. గాలిలోని శక్తి దాని వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం 20 శాతం ఎక్కువైతే శక్తి 70 శాతం పైగా పెరుగుతుంది. అందుకే కంపెనీలు కొండ కొమ్ములే వెతుకుతాయి. మర దిమ్మెకు పట్టే చోటు కొంచెమే. కానీ అంత పొడవు రెక్కలు పైకెక్కాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. వాటికోసం వాలును నరికితే మట్టి జారుతుంది, వంక దారి తప్పుతుంది. కింద కుంట ఎండటానికి అది చాలు.

అయినా అనుమతులు సులువుగా ఎందుకు వస్తాయి? రికార్డుల్లో ఆ కొండ "బంజరు" కనుక. ఇదే జిల్లాలో కల్పవల్లి చూడండి. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, టింబక్టు కలెక్టివ్ కలిసి బోడికొండలను మళ్ళీ అడవి చేశారు. గడ్డి పెరిగింది, ఈత చెట్లు పెరిగాయి. కాగితంలో మాత్రం అది బంజరే. మరలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, 2013లో వివాదం హరిత ట్రిబ్యునల్‌కు ఎక్కింది. పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేసిన 2006 నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్తు లేనే లేదు.

నేను గాలిమరలకు వ్యతిరేకిని కాను. బొగ్గు పొగ కంటే అవి వెయ్యి రెట్లు నయం. నేనడిగేది ఒక్కటే. మర పెట్టేముందు స్తంభం నాటి నెలల తరబడి గాలిని కొలుస్తారు కదా, అదే శ్రద్ధతో వంకలు ఎటు పారుతున్నాయో, మందలు ఎక్కడ మేస్తున్నాయో, పక్షులు ఎటు ఎగురుతున్నాయో ఎందుకు కొలవరు? ఆ లెక్క చూశాక కూడా పనికొచ్చే కొండలు ఉంటాయి. అక్కడ పెట్టండి.

పరీక్షించకుండా నమ్మేదే మూఢనమ్మకం అయితే, కాపరి మోడాల మాట ఒకటి, రికార్డులోని బంజరు ఇంకొకటి. మొదటిదాని వల్ల ఎవరి కుంటా ఎండలేదు.