లాగ్ ఫైలూ, లాఠీ

విమానాశ్రయమేమో భోగాపురంలో. కాంట్రాక్టు దక్కిన జీఎమ్మార్ సంస్థ అధినేతది రాజాం. 2024 జూన్‌లో పౌర విమానయాన మంత్రి అయిన రామ్మోహన్ నాయుడు గారు శ్రీకాకుళం ఎంపీ. ఇన్ని కలిసొచ్చినా మావాళ్ళ కబుర్లు మాత్రం భూముల రేట్ల దగ్గరే తిరుగుతున్నాయి. నాకు కావలసింది డేటా.

బ్లాక్ బాక్స్ అంటే విమానం కూలాక వెతికేదనే మనకి తెలుసు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో 260 మంది పోయారు. ఇంధనం స్విచ్‌లు రెండూ సెకను తేడాతో 'కటాఫ్'కి మారాయని తెలిసింది అందులోంచే. అది పోస్ట్‌మార్టం. దానికంటే పెద్ద పని రోజూ జరగాలి. ప్రతి ఫ్లైటు డేటా దించుకుని, ఎక్కువ వేగంతో దిగిందా, చక్రాలు ఆలస్యంగా ఆన్చారా, నేలకి గట్టిగా తగిలిందా అని సాఫ్ట్‌వేర్ చూస్తుంది. హద్దు దాటితే ఒక 'ఈవెంట్'. మన సర్వర్లకి పెట్టుకునే అలర్ట్ లాంటిదే (రాత్రి రెండింటికి ఫోన్ మోగించదు, అంతే తేడా).

చిక్కల్లా ఆ అలర్ట్ ఎవరి చేతికి వెళ్తుందన్న దగ్గరే. బగ్గుల లెక్కని అప్రైజల్‌కి ముడిపెడితే ఏమవుతుందో మనకి చెప్పాలా? సాయంత్రానికల్లా బగ్గులన్నీ 'ఎన్‌హాన్స్‌మెంట్లు' అయిపోతాయి. పైలట్లూ మనుషులే. 2010 మే 22న మంగుళూరులో 158 మంది చనిపోయిన ప్రమాదంలో, దాదాపు 8,000 అడుగుల రన్‌వే మీద విమానం 5,200 అడుగులు దాటాక గానీ నేల తాకలేదు. గట్టిగా దిగితే సంజాయిషీ అడుగుతారన్న పైలట్ల భయం గురించీ ఆ విచారణలో చర్చ వచ్చింది. మెత్తగా దింపాలని చూస్తే రన్‌వే అయిపోతుంది మరి!

అందుకే 27 టన్నులు దాటిన విమానాలు నడిపే సంస్థలకి ఈ డేటా విశ్లేషణ తప్పనిసరి చేసిన ఐకావో, దాన్ని శిక్షలకి వాడకూడదని కూడా రాసింది. కావాలని చేసిన తప్పుల సంగతి వేరు. అమెరికాలోనూ 2001 నుంచి ఇదే రూలు.

నా మటుకు నాకు ఇది చాలదు. పేర్లు దాచమన్నారు కదా అని అంకెలు కూడా దాచేస్తే, భోగాపురంలో దిగే మనకేం తెలుస్తుంది? మంత్రిగారూ, పైలట్ పేరొద్దు, ఫ్లైటు నంబరూ వద్దు. విమానాశ్రయం, నెల, ఈవెంట్ రకం, వెయ్యి ల్యాండింగులకి ఎన్ని.. నాలుగు కాలమ్‌ల ఫైలు ఒకటి నెలనెలా పెట్టించండి. గ్రాఫులు మేం గీసుకుంటాం.