ఎవరి డబ్బు, ఎవరి క్రమశిక్షణ?

క్రమశిక్షణ అనే మాటకి ఈమధ్య కొత్త ఉద్యోగం దొరికింది. ఆన్‌లైన్ బెట్టింగ్ నేర్పే వీడియోల్లో, టెలిగ్రామ్ గ్రూపుల్లో అది పదేపదే వినబడుతోంది. ఆవేశపడి ఆడేవాడు పోగొట్టుకుంటాడు, పద్ధతిగా ఆడేవాడు సంపాదిస్తాడు అన్నది వాళ్ళు చెప్పే సారాంశం. ఆటకని విడిగా కొంత మొత్తం పెట్టుకోవాలి, దాని పేరు బ్యాంక్‌రోల్. ఒక్కో పందేనికి అందులో ఒకటి రెండు శాతం మించి పెట్టకూడదు. ప్రతి పందెం పుస్తకంలో రాసుకోవాలి. పోయినదాన్ని వెంటనే రాబట్టుకోవాలని ఎగబడకూడదు. వింటుంటే మన పొదుపు సంఘాల శిక్షణ తరగతి గుర్తొస్తుంది.

ఇదంతా మోసం అని ఒక్కమాటలో కొట్టిపారెయ్యొచ్చు. కానీ దానివల్ల ఉపయోగం లేదు. మన కార్యకర్తలు ఊళ్ళల్లో కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి జూదం తప్పు అంటే వాళ్ళు నవ్వి "ఇది జూదం కాదక్కా, స్ట్రాటజీ" అంటున్నారు. వాళ్ళకి నీతిబోధ చేస్తే ఎక్కదు. వాళ్ళ లెక్కనే చివరిదాకా చేసి చూపించాలి.

సమఉజ్జీలైన రెండు జట్లు ఆడుతున్నాయనుకుందాం. న్యాయంగా అయితే 100 రూపాయలు కాసి గెలిచినవాడికి 200 చేతికి రావాలి. పందెం కట్టించుకునేవాడు 190 ఇస్తాడు, రెండు వైపులా అంతే. ఆ లెక్కన వంద పందేలు కాసి యాభై గెలిచినవాడు 10,000 పెట్టి 9,500 తీసుకుంటాడు. అతను ఎంత శాంతంగా ఆడినా, ఎంత చక్కగా పుస్తకం రాసుకున్నా ఆ 500 రూపాయలు తిరిగి రావు. నష్టం లేకుండా బయటపడాలంటేనే వందకి దాదాపు 53 సార్లు సరిగ్గా ఊహించాలి. అంతకు మించి ఊహించగలవాళ్ళు అసలు లేరని అనను. అయితే బెట్టింగ్ చట్టబద్ధ వ్యాపారంగా నడుస్తున్న బ్రిటన్‌లో, నిలకడగా గెలిచేవాళ్ళు ఎంత పందెం కాయొచ్చో కంపెనీలే కుదించేస్తుంటాయి. దుకాణం తెరిచింది ఓడిపోయేవాళ్ళ కోసం.

ఈ పద్ధతులన్నిట్లోకీ గౌరవప్రదమైనది కెల్లీ సూత్రం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ అనే శాస్త్రవేత్త 1956లో రాసింది. మన ఊహ ఎన్నిసార్లు నిజమవుతుందో, గెలిస్తే ఎంత వస్తుందో చూసి, చేతిలో ఉన్న మొత్తంలో ఎంత భాగం కాయాలో అది చెబుతుంది. పైన చెప్పిన 190 ధర దగ్గర, మన ఊహ వందకి 55 సార్లు నిజమయ్యేట్టయితే 5 శాతం కాయమంటుంది. యాభైసార్లే నిజమయ్యేట్టయితే సున్నాకంటే తక్కువ అంకె వస్తుంది. ఆడొద్దని దాని అర్థం. క్రమశిక్షణని చిత్తశుద్ధిగా పాటిస్తే మామూలు మనిషికి ఆ సూత్రం ఇచ్చే సలహా ఇదే. వీడియోల్లో ఈ భాగం వినబడదు. చాలామంది గురువుల ఆదాయం పందేల్లోంచి కాక, చేర్పించిన ఒక్కో మనిషికి ఇంతని యాప్ ఇచ్చే కమీషన్లోంచి వస్తుంది మరి.

పోయినప్పుడల్లా రెట్టింపు చెయ్యమన్నది ఇంకో పద్ధతి. 100తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు పోతే 12,700 పోయినట్టు. ఎనిమిదోసారి 12,800 కాయాలి. పెట్టినంతకి అంతా ఇచ్చే ఆటలో అది నెగ్గినా చివరికి మిగిలేది వంద రూపాయలు. ఆ పన్నెండువేల ఎనిమిది వందలు ఎక్కణ్ణించి వస్తాయన్నది నా ప్రశ్న.

బ్యాంక్‌రోల్ అంటే పోయినా ఫరవాలేదనుకున్న డబ్బు అని నిర్వచనం చెబుతారు. ఆ నిర్వచనంలో ఒక ఒంటరి మగవాడున్నాడు. అతనికి తనదంటూ జీతం ఉంది, ఇల్లు గడవగా మిగులు ఉంది, దానిమీద ఇంకెవరికీ హక్కు లేదు. మన ఇళ్ళల్లో మిగులు అలా ఉండదు. అది పోపుల డబ్బాలో, చీటీలో, సంఘం పొదుపులో, మెడలో పుస్తెలతాడులో ఉంటుంది. కుటుంబం డబ్బు అని పేరే గాని కూడబెట్టేవాళ్ళు ఒకరు, తీసేవాళ్ళు ఒకరు. నేను మాట్లాడినవాళ్ళలో ఒకామె సంఘం నుంచి పాడిగేదెకని అప్పు తీసుకుంది. డబ్బు ఆమె ఖాతాలో పడింది, ఖాతా కొడుకు ఫోన్లో ఉంది. "గేదె ఇంటికి రాలేదమ్మా, ఫోన్లోకి పోయింది" అందామె. వాయిదాలు మాత్రం ఆమె కూలి డబ్బుల్లోంచే పోతున్నాయి. ఒక నెల ఆలస్యమైతే తోటి సభ్యులే వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. వాళ్ళని మాత్రం ఏమంటాం? ఆమె కట్టకపోతే వాళ్ళకి కొత్త అప్పు రాదు. ఈ ఒత్తిడి ఎక్కడిదాకా తీసుకెళుతుందో 2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన రాష్ట్రంలో వేరే చెప్పక్కర్లేదు.

ద్రౌపది సభలో అడిగిన ప్రశ్నని మనం సాధారణంగా అవమానం గురించిన ప్రశ్నగా చదువుతాం. నాకది ఆస్తిహక్కుల ప్రశ్నగా కూడా కనిపిస్తుంది. ముందే తనని తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిదని ఆమె అడిగింది. ఇంట్లో ఏది ఎవరిదో, దేన్ని ఎవరు ఒడ్డొచ్చో తేల్చమంది. సభలో పెద్దలు తేల్చలేకపోయారు. బ్యాంక్‌రోల్ పాఠాలు చెప్పేవాళ్ళకైతే ఆ ప్రశ్న తట్టనే లేదు.

నష్టం బయటపడిన రోజు నుంచి క్రమశిక్షణ చేతులు మారుతుంది. అప్పటిదాకా అది ఆడే మగవాడి ప్రతిభ, ఆ తర్వాత భార్య విధి. ఫోను దాచిపెట్టు, పాస్‌వర్డు మార్చు, జీతం నీ చేతికి తెప్పించుకో, గట్టిగా అడక్కు, ఏమైనా చేసుకుంటాడేమో ఒంటరిగా వదలకు. అత్తగారూ అదే చెబుతుంది, స్టేషన్లో పెద్దమనుషులూ అదే చెబుతారు. కొన్ని కౌన్సెలింగ్ కేంద్రాలూ ఇదే జాబితా చదువుతున్నాయి. ఒక మనిషిని రాత్రింబవళ్ళు కాపలా కాయడం ఎంత చాకిరీయో, ఎంత ప్రమాదమో ఈ సలహాదారులకి పట్టదు. 2011లో డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఫుట్‌బాల్ ఫలితాలనీ, పోలీసు రికార్డుల్లోని గృహహింసనీ పోల్చి చూశారు. తప్పక గెలుస్తుందనుకున్న సొంత జట్టు ఓడిన రోజున ఇళ్ళల్లో మగవాళ్ళు ఆడవాళ్ళ మీద చేసే హింస పది శాతం పెరిగింది. వాళ్ళు చూసింది ఆట ఓటమిని మాత్రమే. ఓటమితోపాటు ఇంటి అద్దె కూడా పోయిన రాత్రి ఎలా ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

1992లో దూబగుంట స్త్రీలు తాగుబోతుని నువ్వే మార్చుకో అన్న సలహాని పక్కకి నెట్టేశారు. సారా దుకాణం మీదికి వెళ్ళారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి వేలంపాటల్ని అడ్డుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. బెట్టింగ్ యాప్‌కి ఊళ్ళో దుకాణం లేదు, తలుపు లేదు, నిజమే. కానీ దాని డబ్బు బ్యాంకుల దారుల్లోంచే వెళుతుంది, దాని ప్రకటనలో మనం గుర్తుపట్టే మొహాలే ఉంటాయి. నిలదియ్యడానికి చోట్లు ఉన్నాయి.

చట్టం సంగతి కొంచెం చూడాలి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులోనే. క్లబ్బులో ముక్కలాడేవాళ్ళ గురించి చెప్పిన ఆ మాటని పట్టుకుని ఆన్‌లైన్ కంపెనీలు ఏళ్ళ తరబడి వాదించాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ డబ్బు ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా డబ్బు ఆటలు నడిపేవాళ్ళకి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. మన దేశపు పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. విదేశాల్లోంచి నడిచేవి కొత్త కొత్త లింకులతో వస్తూనే ఉన్నాయి.

నేను ఆహ్వానించే అంశం ఒకటుంది. ఈ కేంద్ర చట్టం ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. మన రెండు రాష్ట్రాల చట్టాల్లో ఆడినవాడూ నేరస్తుడే. కాబట్టి ఫిర్యాదు చెయ్యాలనుకున్న భార్యకి ముందు కనబడేది కంపెనీ కాదు, తన మొగుడి మీద కేసు. మొగుణ్ణి జైల్లో పెట్టించిందన్న పేరు మోయడం కంటే అప్పు మోయడమే నయమనుకుని ఆమె నోరు మూసుకుంటుంది. ఆ సెక్షన్లు తీసెయ్యమని మనం అడగాలి. కేసు నడిపినవాడి మీద, ప్రచారం చేసినవాడి మీద, డబ్బు దాటించినవాడి మీద ఉండాలి.

రెండోది అప్పు. క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని బ్రిటన్ 2020 ఏప్రిల్లో నిషేధించింది. బెట్టింగ్‌ని వ్యాపారంగా ఒప్పుకున్న దేశమే అప్పు సొమ్ముతో ఆడనివ్వకూడదనుకుంది. మన దగ్గర అప్పిచ్చే యాప్, ఆడించే యాప్ ఒకే ఫోన్లో పక్కపక్కనే ఉంటాయి. సంఘం అప్పు ఆ దారిన పోయిందని సభ్యురాలు చెప్పినప్పుడు, సైబర్ నేరాల నంబరు 1930లో నమోదైన ఫిర్యాదుని బ్యాంకు ఆధారంగా తీసుకుని కొన్ని నెలలు వాయిదాలు ఆపాలి, ఆమె బాకీ చూపించి మిగతా సభ్యుల అప్పులు నిలపకూడదు. మండల సమాఖ్యల్లో ఈ తీర్మానం పెట్టి జిల్లా బ్యాంకర్ల సమావేశానికి పంపిద్దాం. ఆ సమావేశం మూడు నెలలకోసారి జరుగుతుంది, కలెక్టరు కూడా అక్కడే ఉంటారు.