కంప్యూటర్‌కు గాలా, నీళ్ళా?

ఎండలు ముదిరేసరికి ఇంట్లో కంప్యూటర్ కూడా రొప్పడం మొదలెడుతుంది. ఫ్యాను చప్పుడు పెరుగుతుంది, పని నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది. పిల్లల ప్రాజెక్టు సగంలోనే పోతుంది. ఇక "అమ్మా, లిక్విడ్ కూలర్ కొందాం" అని వెంటపడతారు. పర్సు తీసేముందు నాలుగు సంగతులు తెలుసుకుందామా?

లోపల ముఖ్యంగా వేడెక్కేది ప్రాసెసర్. ఎయిర్ కూలర్‌లో దాని మీద రాగి గొట్టాలు, పల్చటి అల్యూమినియం రేకులు, ఒక ఫ్యాను ఉంటాయి. గొట్టాల్లో కొద్దిపాటి ద్రవం ఉంటుంది. అన్నం గిన్నెలో ఆవిరి మూతకు తగిలి, నీరై మళ్ళీ గిన్నెలోనే పడ్డట్టు, అది వేడికి ఆవిరై రేకుల దగ్గర చల్లబడి తిరిగొస్తుంది. లిక్విడ్ కూలర్‌లో అయితే చిన్న పంపు ద్రవాన్ని తిప్పుతుంది. కారుకున్నట్టే రేడియేటరూ, ఫ్యాన్లూ ఉంటాయి.

నీళ్ళనగానే మట్టికుండ గుర్తొస్తుంది కదూ! కుండలో నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది కాబట్టి చల్లన. ఇక్కడ ద్రవం మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. గదిలో 40 డిగ్రీలుంటే ఏ కూలరైనా ప్రాసెసర్‌ను అంతకన్నా చల్లబరచలేదు.

చదువుకూ, లెక్కలకూ, ఆన్‌లైన్ క్లాసులకూ వాడే 65 వాట్ల ప్రాసెసర్‌కు ఎయిర్ కూలర్ చక్కగా సరిపోతుంది. 125 వాట్లు దాటిన ప్రాసెసర్‌తో గంటల తరబడి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసేవారికి లిక్విడ్ కూలర్ అక్కరకొస్తుంది. అయితే ఎయిర్ కూలర్‌లో పాడయితే సాధారణంగా ఫ్యానే, అది మార్చుకుంటే సరి. రెండోదాంట్లో పంపు ఆగితే మొత్తం మార్చాల్సిందే. ధర కూడా బాగా ఎక్కువ. ఆ తేడా డబ్బు యూపీఎస్‌కు పెడితే, కరెంటు పోయినప్పుడు పిల్లల పని దక్కుతుంది.

మా తొండుపల్లి వాళ్ళకు అసలు శత్రువు దుమ్ము. బెంగళూరు హైవే పక్కనే. 2008లో శంషాబాద్‌కు విమానాశ్రయం వచ్చాక చుట్టూ కట్టడాలూ పెరిగాయి. దుమ్ము పట్టిందంటే రేకులైనా, రేడియేటరైనా ఒకటే, గాలి ఆడదు. అందుకే:

* కేబినెట్‌ను నేల మీద కాక స్టూలు మీద పెట్టండి. ఊడ్చిన దుమ్ము లోపలికి పోదు.
* గోడకు జానెడు దూరం ఉంచండి. చెక్క అలమారలో బిగించకండి.
* వంటింటి గుమ్మం దగ్గర వద్దు. పోపు జిడ్డుకు దుమ్ము తోడైతే అట్ట కడుతుంది.
* నెలకోసారి ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, పొడి మెత్తటి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ తగలనివ్వకండి.

ముందు ఇవన్నీ చేసి ఓ వారం చూడండి. అప్పటికీ ఆగిపోతుంటే మెకానిక్‌కు చూపించండి. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయిందేమో చూసి కొత్తది రాస్తాడు. కూలరే మార్చాలన్నాడా, కేబినెట్ లోపలి కొలతలు టేపుతో తీసుకుని, ప్రాసెసర్ పేరు చీటీ మీద రాసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళండి. కొలత లేకుండా జాకెట్టు కుట్టించుకోం కదా, ఇదీ అంతే!