సత్యము నేరమగునా?

1908వ సంవత్సరమున బెజవాడనుండి వెలువడుచుండిన "స్వరాజ్య" వారపత్రికపై ఆంగ్లప్రభుత్వము రాజద్రోహాభియోగము మోపెను. ఆ మార్చి మాసమున చిదంబరం పిళ్లగారి నిర్బంధమునకు కినిసి లేచిన తిరునల్వేలి ప్రజలపై పోలీసులు కాల్పులు జరుపగా, ఆ పత్రిక తీవ్రముగా ఖండించినది. అదియే దాని యపరాధము! సంపాదకులు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, వారితోపాటు బోడి నారాయణరావుగారు బోనెక్కిరి. క్రింది న్యాయస్థానము విధించిన శిక్ష చాలదని మదరాసు హైకోర్టు సంపాదకుని శిక్షను మూడు సంవత్సరముల కఠిన కారాగారవాసముగా పెంచెను.

తిరునల్వేలిలో కాల్పులు జరిగినవా, లేదా? 1870లో శిక్షాస్మృతిలో చేర్చబడిన 124-ఏ సెక్షను ఈ ప్రశ్న నడుగదు. వ్రాసినది నిజమైనను, ప్రభుత్వముపై ద్వేషము పుట్టించినచో నేరమే.

ఇట్టి వ్యాజ్యమే 1735లో ఆంగ్లేయుల వలసయగు న్యూయార్కున నడచెను. గవర్నరు కాస్బీని విమర్శించు పత్రికను ముద్రించిన జాన్ పీటర్ జెంగరు ఎనిమిది మాసములకు పైగా చెఱలో మ్రగ్గెను. సత్యము రక్షణ కానేరదని న్యాయాధిపతి పలికెను. అసత్యము కానిది అపవాదు కాదని వకీలు ఆండ్రూ హామిల్టను వాదించెను. జ్యూరీవారు హామిల్టను మాట విని జెంగరును విడిచిపుచ్చిరి. శాసనము మాత్రము మారలేదు. 1908లోనే బొంబాయిలో తిలక్ మహాశయుని విచారించిన జ్యూరీలో తొమ్మండుగురికి ఏడుగురు ఆయనను దోషి యనిరి. ఆరేండ్ల ప్రవాసశిక్ష పడెను. జ్యూరీ దయపై నిలిచిన స్వాతంత్ర్యము గాలిలో దీపము.

మనోహరాబాదు పాఠకులకు ఇవి దూరపు కథలుగా తోచవచ్చును. నాడు మన మెదకు సీమ నైజాము ఏలుబడిలో నుండినది. ఆ రాజ్యముననే, 1948 ఆగస్టు 22న, "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు వీధిలో హత్యచేయబడెను. ఆయనకు విచారణ యను భాగ్యమైనను లేకపోయెను.

2022 మే 11న సర్వోన్నత న్యాయస్థానము 124-ఏ అమలును నిలిపివేసినది. 2024 జులై 1నుండి కొత్త న్యాయసంహిత అమలులోనికి వచ్చి, రాజద్రోహమను పేరు పోయినది. కాని దేశ సార్వభౌమత్వమునకు, ఐక్యతకు ముప్పు కలిగించు చేష్టలకు యావజ్జీవము వరకు శిక్ష విధించు 152వ సెక్షను వచ్చినది. ప్రభుత్వ చర్యలను విమర్శించుట నేరము కాదను వివరణ యందు కలదని కొందరు సమాధానపడుచున్నారు. అట్టి వివరణ 124-ఏ లోను ఉండినది; అది హరిసర్వోత్తమరావుగారిని కాపాడలేదు.

కావున మా కోరిక యొక్కటే. ప్రజాహితముకొరకు సత్యమును ప్రకటించుట నేరము కాదని ఆ సెక్షనులోనే స్పష్టముగా వ్రాయవలెను. విలేఖరి భయము తీరుటకు ఆ యొక్క వాక్యము చాలును.