పొలిమేర ఊరికి రమ్మంటున్నారు, పట్టా ఇస్తారా?

సరిహద్దు ఊళ్లు ఖాళీ కాకూడదన్నది ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ విధానం. 2023 ఫిబ్రవరి 15న కేంద్ర మంత్రివర్గం ‘వైబ్రెంట్ విలేజెస్’ పథకానికి రూ.4,800 కోట్లు మంజూరు చేసింది. అందులో రూ.2,500 కోట్లు రోడ్లకే. చైనా సరిహద్దు వెంట అరుణాచల్ ప్రదేశ్, సిక్కిం, ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, లద్దాఖ్‌లలో 19 జిల్లాలకు చెందిన 2,967 ఊళ్లను గుర్తించి, ముందుగా 662 ఊళ్లను తీసుకున్నారు. వాటిలో 455 అరుణాచల్‌లోనే ఉన్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో హోంమంత్రి అమిత్ షా అరుణాచల్ తూర్పు కొసన ఉన్న కిబితూ వెళ్లి పథకాన్ని ప్రారంభించారు. 2025 ఏప్రిల్‌లో రూ.6,839 కోట్లతో రెండో దశకు ఆమోదం లభించింది. ఇది మిగతా భూ సరిహద్దుల్లోని ఊళ్ల కోసం. ఉన్నవాళ్లు ఊరు విడవకూడదు, విడిచినవాళ్లు తిరిగి రావాలి అన్నదే రెండు దశల సారాంశం.

ప్రభుత్వం ఎందుకింత పట్టుదలగా ఉందో అర్థం చేసుకోవడం కష్టం కాదు. అవతల చైనా 2017 నుంచి టిబెట్ సరిహద్దు పొడవునా 628 ఊళ్లు కట్టే పని పెట్టుకుంది. ఇళ్లు కట్టించి, డబ్బిచ్చి జనాన్ని తెచ్చి నిలుపుతోంది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చైనా భూ సరిహద్దుల చట్టం ఆ పనికి చట్టబద్ధత కూడా కల్పించింది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు సహా 20 మంది సైనికులు అమరులైన తర్వాత, ఎవరి పశువులు మేసిన చోటు వారిదే అన్న వాదన ఎంత బలమైనదో ఢిల్లీకి బాగా తెలిసివచ్చింది. 1999 మేలో కార్గిల్ కొండల్లో చొరబాటుదార్లను మొదట చూసింది కూడా సైన్యం కాదు. తప్పిపోయిన తన యాక్‌ను వెతుక్కుంటూ వెళ్లిన తాషీ నామ్‌గ్యాల్ అనే పశువుల కాపరి చూశాడు. అతను పరుగున వచ్చి చెప్పిన కబురే తొలి హెచ్చరిక. మనిషి మసిలే చోట దేశానికి కన్ను ఉంటుంది. ఇందులో వాదించడానికేమీ లేదు.

అయితే దేశానికి కలిగే మేలూ, అక్కడ కాపురం పెట్టే కుటుంబానికి కలిగే మేలూ ఒకటి కావు. ఈ రెంటినీ కలిపి చూడటం వల్లే సరిహద్దు నివాసం మీద మన చర్చ దేశభక్తి దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. పోవాలా వద్దా అని తేల్చుకోవలసింది ఆ ఇంటి ఇల్లాలూ, బడికెళ్లే పిల్లలున్న తండ్రీ. వాళ్ల లెక్క వేరు.

ఉత్తరాఖండ్‌లోని నేలాంగ్, జాదుంగ్ ఊళ్ల సంగతి చూడండి. ఉత్తరకాశీ జిల్లాలో, గంగోత్రి దారి నుంచి పక్కకు తిరిగి పైకి వెళ్తే వస్తాయి. జాడ్ భోటియాలు అక్కడ తరతరాలు బతికారు. టిబెట్ ఉప్పూ ఉన్నీ కిందికి దించడం, కింది ధాన్యం పైకి చేర్చడం వాళ్ల వ్యాపారం. కొండకు చెక్కలు బిగించి వేసిన గర్తాంగ్ గలీ బాట ఆ రాకపోకలదే. 1962 చైనా యుద్ధంలో ఆ ఊళ్లను ఖాళీ చేయించారు. జనం హర్సిల్ దగ్గరి బగోరీకీ, దిగువన డుండాకూ చేరారు. యుద్ధం ముగిసింది కానీ వాళ్లు తిరిగి వెళ్లలేదు. వెళ్లడానికి అనుమతీ లేదు, వెళ్తే బతకడానికి వ్యాపారమూ లేదు. ఇప్పుడు అక్కడ పాత ఇళ్లను పునరుద్ధరించి పర్యాటకుల బస కోసం హోమ్‌స్టేలుగా మార్చే పని సాగుతోంది. గర్తాంగ్ గలీని 59 ఏళ్ల తర్వాత 2021లో తిరిగి తెరిచారు. 2025 మార్చిలో ప్రధాని హర్సిల్ వచ్చి, ఈ రెండు ఊళ్ల పేర్లూ ఎత్తి, వాటిని మళ్లీ నిలబెడతామన్నారు.

తాత ముత్తాతల ఊరికి తిరిగి వెళ్లే హక్కు దక్కడం చిన్న విషయం కాదు. అరవై ఏళ్లపాటు సొంత ఊళ్లో అడుగుపెట్టాలంటే అనుమతి పత్రం కోసం నిలబడిన వాళ్లకు అది న్యాయం. ఆ కుటుంబాలు వెళ్లాలనే నేను కోరుకుంటాను. కానీ హోమ్‌స్టే ఆదాయం ఏడాదంతా వచ్చేది కాదు. శీతకాలం మంచు పడితే ఆ లోయలో కాపురం ఉండలేరు. సరిహద్దు ప్రాంతంలోకి వెళ్లడానికి ఇన్నర్ లైన్ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉన్నంతకాలం వచ్చే అతిథుల సంఖ్య అధికారుల చేతిలో ఉంటుంది. పైగా ఆ లోయ ఎంత సున్నితమైనదో 2025 ఆగస్టు 5న లోకమంతా చూసింది. హర్సిల్‌కు కూతవేటు దూరంలోని ధరాలీ మీద ఖీర్ గంగ వాగు బురదా బండలతో విరుచుకుపడింది. యాత్రికుల కోసం వాగు ఒడ్డున కట్టిన హోటళ్లు నిమిషాల్లో కొట్టుకుపోయాయి. పర్యాటకాన్నే జీవనాధారంగా చూపి జనాన్ని పైకి పిలిచేవాళ్లు, ఇల్లు ఎక్కడ కట్టకూడదో ముందు చెప్పాలి.

ఒక మంచి మాట కూడా ఉంది. కైలాస మానస సరోవర యాత్ర 2025 జూన్‌లో మళ్లీ మొదలైంది. ఆ ఆగస్టులో లిపులేఖ్, షిప్కీ లా, నాథు లా కనుమల గుండా సరిహద్దు వాణిజ్యాన్ని తిరిగి తెరవడానికి భారత్, చైనా అంగీకరించాయి. నా దృష్టిలో పైకొండల ఊళ్లకు వంద హోమ్‌స్టేల కన్నా ఇదే ఎక్కువ. ఆ ఊళ్లను పోషించింది కనుమలే, ఖాళీ చేసిందీ ఆ కనుమలు మూతబడటమే. అలాగే 2024 చివర్లో ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం (ఐటీబీపీ) జవాన్లకు కావలసిన మేకలు, గొర్రెలు, కోళ్లు, చేపలు స్థానికుల దగ్గరే కొనేలా ఉత్తరాఖండ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఇలాంటి నిలకడైన కొనుగోలుదారు ఎదురుగా ఉంటే సరిహద్దు ఊళ్లో ఉండటం నిజంగానే లాభం. మైదానంలో రైతుకు దొరకని భరోసా అది.

అసలు ఈ ఊళ్లు ఎందుకు ఖాళీ అవుతున్నాయి? శత్రువు భయంతో కాదు. ఉత్తరాఖండ్ ప్రభుత్వం వేసిన వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2011 తర్వాత ఆ రాష్ట్రంలో 734 జనావాసాలు పూర్తిగా నిర్మానుష్యం అయ్యాయి. కారణాల్లో మొదటిది పని లేకపోవడం, ఆ తర్వాత చదువు, వైద్యం. కాన్పు కష్టమైతే ఆస్పత్రికి చేర్చేసరికి తెల్లారిపోయే చోట ఏ కోడలు ఉంటుంది? ఎనిమిదో తరగతి దాటితే పిల్లవాణ్ని పట్నంలో పెట్టక తప్పకపోతే, వాడి వెంట తల్లి వెళ్తుంది, రెండేళ్లకు తండ్రీ వెళ్తాడు. రోడ్డు వస్తే ఇదంతా ఆగుతుందని పథకం నమ్మకం. రోడ్డు అవసరమే. అయితే పైన బడి, ఆస్పత్రి, పని లేనప్పుడు ఆ రోడ్డు మీద సామాను బండ్లు కిందికే దిగుతాయి. బడ్జెట్‌లో సగానికి పైగా తారుకే పోయిన పథకం గురించి ఈ ప్రశ్న గట్టిగా అడగాలి.

లద్దాఖ్‌లో చాంగ్‌పా పశుపోషకులది మరో బాధ. పష్మీనా ఉన్నినిచ్చే మేకలే వాళ్ల ఆస్తి. 2020 ఘర్షణల తర్వాత రెండు సైన్యాలూ వెనక్కి తగ్గి కొన్నిచోట్ల ఎవరూ తిరగని మండలాలు ఏర్పాటు చేసుకున్నాయి. యుద్ధం తప్పించడానికి అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ చుషూల్ ప్రాంతంలో శీతకాలపు మేత బీళ్లలో కొన్ని తమకు అందకుండా పోయాయని అక్కడి ప్రజా ప్రతినిధులు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. దేశానికి కళ్లుగా ఉండమని కోరుతున్న మనుషులకే మేత భూమి దూరమైతే, వాళ్లు లేహ్ పట్నానికి వెళ్లి కూలి వెతుక్కుంటారు.

ఇంతవరకూ సొంత ఊరికి తిరిగి వెళ్లేవాళ్ల గురించి. ప్రభుత్వం మాట మీద బయటి నుంచి సరిహద్దుకు కొత్తగా వలస వెళ్లినవాళ్ల అనుభవం ఇంకా లోతుగా చూడవలసింది. మన దేశం ఈ ప్రయోగం కొత్తగా చేయడం లేదు. రెండు చోట్ల చేసింది, ఫలితాలు కళ్లముందే ఉన్నాయి.

మొదటిది గ్రేట్ నికోబార్. ఇండోనేషియాలోని సుమత్రా దీవికి దగ్గరగా ఉన్న ఈ దీవిలో జనం ఉండాలని కేంద్రం 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను తీసుకెళ్లింది. దాదాపు పదేళ్లలో 330 కుటుంబాలు వెళ్లాయి. పంజాబ్ నుంచి ఎక్కువమంది, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ నుంచి మిగతావాళ్లు. అడవి కొట్టి చదును చేసి, తలా పది ఎకరాల పైచిలుకు భూమిలో కొబ్బరీ పోకా వేశారు. పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్లాలంటే ఓడలో రోజులు పట్టేది. మలేరియాతో, వానలతో వేగి, రెండు తరాల చెమటతో తోటలు కాపుకొచ్చాక 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. దీవి దక్షిణ కొసన నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. తీరం వెంబడి తోటలు, ఇళ్లు సముద్రంలో కలిశాయి. మళ్లీ లేచి నిలబడ్డ ఆ కుటుంబాల ముందు ఇప్పుడు భారీ ప్రాజెక్టు ఉంది. ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్నం, విద్యుత్ కేంద్రం, అన్నీ కలిపి రూ.72 వేల కోట్ల పైమాట. పర్యావరణ అనుమతి 2022 నవంబరులో వచ్చింది. విమానాశ్రయం కోసం సేకరించదలచిన భూమిలో ఈ మాజీ సైనికుల వారసుల పొలాలున్నాయి. దేశం కోసం రమ్మంటే వచ్చిన వాళ్లను దేశం కోసమే లేచి వెళ్లమంటున్నారు. వాళ్లు రాకముందు నుంచీ ఆ దీవి షోంపెన్, నికోబారీ జనానిది. వాళ్ల గతి ఇంకా అన్యాయం. సునామీ తర్వాత పడమటి తీరం నుంచి తెచ్చి శిబిరాల్లో పెట్టిన నికోబారీలను, ఎన్నిసార్లు అడిగినా సొంత ఊళ్లకు పంపలేదు.

రెండోది అరుణాచల్‌లోని విజయనగర్. చాంగ్లాంగ్ జిల్లాలో, మూడు దిక్కులా మయన్మార్ ఉన్న లోయ అది. అస్సాం రైఫిల్స్ అధికారి మేజర్ జనరల్ గురయా కుమారుడి పేరు మీద ఆ ఊరికి ఆ పేరొచ్చింది. 1960ల చివర్లో, 1970ల తొలినాళ్లలో అస్సాం రైఫిల్స్‌లో పదవీ విరమణ చేసిన దాదాపు 200 కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు. వాళ్లలో ఎక్కువమంది గూర్ఖాలు. మియావో పట్నానికి 157 కిలోమీటర్లు, దారంతా నమ్‌దఫా అడవి. బండి నడిచే రోడ్డు లేక దశాబ్దాలపాటు ఉప్పు, కిరసనాయిలు వీపున మోసుకుంటూ రోజుల తరబడి నడిచారు. ఆ కష్టం ఒక ఎత్తు. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆ లోయ యోబిన్ గిరిజనుల నివాసం. అరుణాచల్‌లో భూమి హక్కులు స్థానిక తెగలవి, బయటివారు భూమి కొనలేరు. కొండ జాతుల రక్షణకు అది అవసరమైన నిబంధన. దాన్ని సడలించమని ఎవరూ అడగకూడదు. మరి అక్కడ యాభై ఏళ్లుగా ఉన్న సైనికుల పిల్లలు ఎవరు? స్థానికులా, అతిథులా? ఆ ప్రశ్నకు జవాబు రాసిపెట్టకుండానే వాళ్లను తెచ్చారు. 2020 డిసెంబరులో వాళ్లకు పంచాయతీ ఎన్నికల్లో ఓటు హక్కు ఇవ్వడం మీద నిరసన రేగి, ప్రభుత్వ కార్యాలయాలు తగలబడ్డాయి. నన్నడిగితే అక్కడ తప్పు యోబిన్‌లదీ కాదు, గూర్ఖా కుటుంబాలదీ కాదు. ఒకరి భూమి మీద మరొకరికి నోటిమాటతో నీడ చూపించిన పాలనదే ఆ తప్పు.

పడమటి సరిహద్దు కష్టాలు ఎక్కువమందికి తెలిసినవే. పంజాబ్‌లో ముళ్లకంచె అవతల పొలమున్న రైతు గేటు తెరిచిన వేళలోనే వెళ్లాలి, తనిఖీ చేయించుకోవాలి, ఎత్తుగా పెరిగే పంట వేయకూడదు. జమ్మూ వైపు జిల్లాల్లో వేల సంఖ్యలో బంకర్లు మంజూరు చేశారంటేనే అక్కడి బతుకు అర్థమవుతుంది. 2025 మేలో పూంచ్ పట్నం మీద పడిన ఫిరంగి గుండ్లకు పిల్లలు కూడా బలయ్యారు. అక్కడి యువతకు ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. అది న్యాయమే కానీ, ఆ ఒక్కదాని కోసం మరొకరు అక్కడికి కాపురం మార్చమని చెప్పలేం.

ఇవన్నీ పక్కపక్కన పెడితే నాకు స్పష్టంగా కనిపించేది ఇది. సరిహద్దు నివాసంలో లాభాలు ఎక్కువగా హామీల రూపంలో ఉంటాయి, నష్టాలు మాత్రం చేతికి తగులుతాయి. ఆ హామీలు చట్టంగా మారినప్పుడే తూకం కుదురుతుంది. కాబట్టి పథకం అమలు తీరు మారాలి. 1962లో ఖాళీ చేయించిన ఊళ్లలో ఏ ఇల్లు ఎవరిదో, ఏ బీడు ఏ ఊరిదో తేల్చి పట్టాలు ఇవ్వడం రోడ్డు టెండర్ కన్నా ముందు జరగాలి. మంచు కాలంలో దిగువకు వచ్చి వేసవిలో పైకి వెళ్లడం ఆ జనం అనాది అలవాటు. ఆరు నెలలు లేరని రేషనూ ఓటూ తీసేయకూడదు, పిల్లలకు దిగువ మకాంలోనే ఆశ్రమ పాఠశాల పెట్టాలి. భద్రత కోసం మేత భూమి వదలమన్న చోట ఏటా పరిహారం చట్టప్రకారం చేతికందాలి. కొత్తవారిని తీసుకెళ్లే ఆలోచన ఏదైనా ఉంటే, ముందు అక్కడి తెగల గ్రామసభ సమ్మతి ఉండాలి. అది లేని చోటికి ఎవరినీ పంపకూడదు.

మన మాజీ సైనికుల కుటుంబాలకు ఒక మాట. పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో, ఉత్తరాంధ్రలో, తెలంగాణ జిల్లాల్లో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు వేలమంది ఉన్నారు. దూరపు దీవిలోనో కొండల్లోనో భూమి ఇస్తామన్న పిలుపు రేపు మళ్లీ రావచ్చు. వెళ్లడం తప్పని నేననను. భూమి యాజమాన్య హక్కు మీ పిల్లల పేరుకు మారుతుందా, అక్కడ మీకు పంచాయతీ ఓటుంటుందా, రేపు ప్రాజెక్టు వస్తే భూమికి భూమి ఇస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికి రానిదే సామాను సర్దకండి.