రంగు మారితే మాకూ చూపించాలి కదా

పోస్టు కొంచెం పెద్దదే, సైన్స్ చదవని వాళ్లు కూడా చదవండి.

కరక్కాయ మనకు కొత్త కాదు. అడవిలో ఏరి, ఎండబెట్టి జీసీసీకి వేస్తాం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ముందు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. పాత ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో దాని మీద గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుము అయాన్‌ను పట్టుకుంటుంది, ఆ నలుపు అందుకే.

డిగ్రీలో మాకు చెప్పే రంగు మారే సెన్సర్ కూడా చేసేది ఇదే పని. అణువులో ఒక భాగం లోహ అయాన్‌ను పట్టుకుంటుంది, ఇంకో భాగం రంగునిస్తుంది. అయాన్ చిక్కగానే ఆ అణువు పీల్చుకునే వెలుగు మారుతుంది, కంటికి వేరే రంగు కనబడుతుంది. ఫెర్రిక్ ఇనుము ఉన్న నీళ్లలో థయోసైనేట్ వేస్తే రక్తంలా ఎర్రబడుతుంది. కరెంటు అక్కర్లేదు, పెద్ద మెషిన్ అక్కర్లేదు. ఇలాంటిది పట్నం కన్నా ముందు ఏజెన్సీకి రావాలంటాం మేము.

మేముండే హాస్టల్లో బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగానే ఉంటాయి. తెల్లారేసరికి బకెట్ అడుగున ఎర్రమడ్డి. కరిగిన ఫెర్రస్ ఇనుము గాలి తగిలి తుప్పులా దిగుతుందన్నమాట. టెస్ట్ చేశారా అంటే 'చేశాం, బాగానే ఉన్నాయి' అంటారు. ఏ రోజు చేశారు, ఎంత వచ్చింది? ఆ కాగితం మాలో ఎవరూ చూడలేదు. ఇళ్లలో కాలేజీకి వచ్చిన మొదటివాళ్లం మేమే, అడిగితే ఏమంటారో అని చాన్నాళ్లు ఊరుకున్నాం. ఇప్పుడు ఊరుకోం.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డ్ టెస్ట్ కిట్ వాడడం నేర్పాలని ఉంది. మంచి మాటే. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో తెలుసా? కింద రాయండి. కిట్‌లోని రంగుల కార్డు కోయ, కువి, సవర మాటల్లో ఉండాలి. వచ్చిన ఫలితం తేదీతో సహా గోడ మీద రాయాలి, బీరువాలో కాదు.

అలాగని రంగునే పూర్తిగా నమ్మేయలేం. తాగే నీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. అంత కొంచెం సీసానికి రంగుండదు, రుచుండదు, కరక్కాయ పట్టివ్వదు. కొత్తగా తయారుచేసే సెన్సర్లు చాలావరకు అసిటోనైట్రైల్ లాంటి సాల్వెంట్‌లో బాగా పనిచేస్తాయి, ఉత్త నీళ్లలో తడబడతాయి. పేపర్ రాసుకోడానికి అది చాలు, మన చెలమకి చాలదు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న అన్నలూ అక్కలూ, ఈ పని మీరు పట్టుకోండి.

ఊళ్లో కిట్ ఉంటే ఈ వారమే తెరిపించండి. సీసా మీద గడువు తేదీ ముందు చూడండి. మందు పాతబడితే రంగు సరిగా రాదు, నీళ్లు బాగున్నాయని రాసేస్తారు.