వదులైన నట్టుకు శాంతి హోమమా?

పత్తి మిల్లులో నిప్పంటుకుంటే ఏం చేయాలో ఈమధ్య ఎడ్లపాడు వైపు ఒక యజమాని చేసి చూపించాడు. హోమం చేయించాడు. అదీ ఎక్కడ? దూది బేళ్లు పేర్చిన గోదాము ఎదురుగా, ఇటుకలు పరిచి, సమిధలు పేర్చి, నేతి మంట నిలువెత్తు లేపి. అగ్నిదేవుడు అలిగాడట, మిల్లుకు నరదిష్టి తగిలిందట. పూర్ణాహుతి అయ్యాక గేటుకు బూడిదగుమ్మడికాయ, ప్యానెల్ బోర్డుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి అందరికీ పులిహోర పంచారు.

ఆ ప్యానెల్ తలుపు తెరిచి చూసిన పాపాన ఎవరూ పోలేదు. నేను అడిగితే ఎలక్ట్రీషియన్ తెరిచాడు. పోయిన దసరానాడు పూసిన పసుపూ కుంకుమా తలుపు మీద పెచ్చులు కట్టి ఉన్నాయి. లోపల వేలి మందాన దూదినుసి. మూడో ఫేజు కేబులు లగ్గు నల్లగా మాడిపోయింది, తొడుగు కరిగి కారి గడ్డకట్టింది. నరుడి చూపు అంత గురిగా ఒక్క ఫేజు మీదే పడిందంటే నమ్మాలి మరి!

రవ్వ పుట్టడానికి ఎవరి కన్నూ అక్కర్లేదు. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. ఒక మిల్లీమీటరు సందు దూకాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి, మిల్లుకొచ్చే 415 వోల్టుల లైనుకు అంత సత్తా లేదు. కానీ అంటుకుని ఉన్న రెండు లోహాలు విడిపోయేటప్పుడు కథ మారుతుంది. ఆఖరిదాకా తాకి ఉన్న సూదిమొనంత చోటులోంచే కరెంటంతా దూరాలి. ఆ మొన కరిగి ఆవిరవుతుంది, ఆ ఆవిరిలోంచే కరెంటు పారుతుంది. మోటారు చుట్టలుంటే మరీ మొండి. పారే కరెంటు ఉన్నపళాన ఆగనంటుంది, సందు దగ్గర వోల్టేజీ ఎగదన్నుతుంది. వదులైన నట్టు కింద ఈ తంతు రోజూ నడుస్తూనే ఉంటుంది. లోడు పడితే వేడెక్కి ఉబ్బుతుంది, ఆపితే చల్లారి ముడుచుకుంటుంది, ఇంకాస్త వదులవుతుంది, చిలుము పడుతుంది, మళ్లీ వేడి. రవ్వ వేడి వేల డిగ్రీలు. దూది అంటుకోవడానికి 400 చుట్టుపక్కల చాలు.

ఎమ్‌సీబీ ఉంది కదా అంటారు. లోడు మించినా, షార్టయినా అది పడిపోతుంది, నిజమే. వదులు జాయింటులో రవ్వలు చిమ్మేటప్పుడు పారే కరెంటు మామూలు కన్నా ఎక్కువేం ఉండదు. దానికి అనుమానం ఎందుకొస్తుంది?

ఇంతవరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ దిష్టి అన్నాక ఎవరో ఒకరు పెట్టి ఉండాలి కదా. ఈసారి ఒక కూలీ మనిషి దొరికింది. ముట్టుతో పనిలోకి వచ్చిందని తోటివాళ్లే గుసగుసలాడారు, మేస్త్రి రేపటినుంచి రావద్దన్నాడు. మా మేనత్తకూ ఇదే జరిగింది. మొగుడు పోయిన ఏడాదే ఆమె పత్తి జిన్నింగు మిల్లులో చేరింది. ఒక తెల్లవారుజామున నిప్పు లేచింది. ఆ రోజు అందరికన్నా ముందు గేటు దాటింది ఆమేనట! ముండమోపి అడుగుపెట్టిందని తిట్టి, వారం కూలి ఎగ్గొట్టి పంపేశారు. పత్తిలో కలిసొచ్చిన ఇనుపముక్క జిన్ను కత్తికి కొట్టుకుని రవ్వ లేచిందని ఫిట్టరు మొత్తుకున్నాడు. వినేదెవరు? ఆ తర్వాత మేనత్త ఏ పెళ్లిలోనూ ముందుకొచ్చి నిలబడలేదు. మా అన్న పెళ్లికి వంటింటి గుమ్మం దాటి రమ్మంటే, "నా సంగతి మీకు తెలీదురా" అంది. తనూ నమ్మేసింది. అన్నిటికన్నా నాకు మండేది అదే.

రవ్వల్లోకెల్లా పెద్దది పిడుగు. దానికీ మన దగ్గర మందుంది, అర్జునా ఫల్గుణా అని పేర్లు వల్లించడం. పొలంలో చెట్టు కింద నిలబడి వల్లించేవాళ్లను చూశాను. యూరపులో చర్చి గంటలు కొట్టి పిడుగును తరమబోయినవాళ్లు ఎందరో గంట తాడు పట్టుకునే చచ్చారు. పిచ్చికి కులమతాల్లేవు. పిడుగు దాకా ఎందుకు, 2023లో తిరుపతి జిల్లా చంద్రగిరి మండలం శానంబట్లలో ఇళ్లలో వరసగా మంటలు లేస్తే ఊరు దయ్యమంది, పూజలు చేసింది. అది మనిషి చేతి పనేనని చివరికి పోలీసులు తేల్చారు.

హైవే పక్కన ఈ పత్తి మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, వంకాయలపాడు స్పైసెస్ పార్కు, అన్నీ కరెంటు మీదే బతుకుతున్నాయి. చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. కేబులు కొనకు సరైన సైజు లగ్గు వేసి క్రింపింగ్ చేయాలి, మెలిపెట్టి టేపు చుడితే చాలదు. అల్యూమినియాన్ని రాగికి నేరుగా బిగించకూడదు, దానికి బైమెటల్ లగ్గులున్నాయి. వేళ తప్పకుండా కరెంటు తీసి, నుసి పీల్చేసి, నట్లు సరిచూడాలి. ప్యానెల్ దుమ్ము చొరని పెట్టెలో ఉండాలి. పత్తి వచ్చే దారిలో అయస్కాంతం, మెషిన్లకు మంచి ఎర్తింగు ఉండాలి. ఫ్యూజు పోతే దొరికిన రాగి తీగ చుట్టే తెలివి మానాలి. ఆ నిమ్మకాయనూ తీసేయాలి. కుళ్లి కారే పులుపు ఇనుమును తింటుంది. తడి పసుపు కరెంటుకు దారి ఇస్తుంది.

హోమమైన వారానికి బీమా సర్వేయరు వచ్చాడు. యజమాని ఇచ్చిన కాగితంలో నరదిష్టి లేదు, అగ్నిదేవుడి అలక లేదు, ముట్టు ఊసే లేదు. కారణం దగ్గర "షార్ట్ సర్క్యూట్" అని శుభ్రంగా రాసి సంతకం పెట్టాడు. ఆ కూలీ మనిషిని మాత్రం ఇంకా పనికి పిలవలేదు.